డెంట్ రోడ్ అనాల్సిన స్టేషను

మా నాన్న ఉద్యోగమంతా చిన్న స్టేషన్లలోనే గడిచింది. ఎక్స్‌ప్రెస్‌లు ఆగని స్టేషన్లు. రెండు సిమెంటు బల్లలు, ఒక వేపచెట్టు, ఒక నీళ్ల కుండ. వాటిలో కొన్నింటికి పేరు ఒక ఊరిది, ఉన్న చోటు ఇంకో ఊరిది. అలాంటప్పుడు మన రైల్వేవాళ్లు కొంత నిజాయతీగా పేరు చివర ‘రోడ్’ అని తగిలిస్తారు. ఆమదాలవలసలో ఉన్నది శ్రీకాకుళం రోడ్. మంత్రాలయం రోడ్‌లో దిగినవాళ్లకు ముందు కనిపించేది రాఘవేంద్రస్వామి మఠం కాదు, ఆటోల వరుస. రోడ్ అంటే, ఊరు ఇంకా ముందుంది, మీ తిప్పలు మీరు పడండి అని.

ఇంగ్లండ్‌లో అలాంటి స్టేషను ఒకటుంది. పేరు డెంట్. ఆ పేరుగల ఊరికి నాలుగైదు మైళ్ల దూరంలో, ఊరికంటే ఆరు వందల అడుగులకు పైగా ఎత్తున, కొండ పక్కన ఉంటుంది. దాన్ని చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, “లండన్ తీసుకెళ్తానమ్మా, ఆ కొండల్లో ఏముంది, గొర్రెలు తప్ప” అన్నాడు. మా ఆయన ముప్ఫై ఐదేళ్లు బ్యాంకులో లెడ్జర్లు చూసిన మనిషి. ఊరు లేని స్టేషనుకు డబ్బు పెట్టి వెళ్లడాన్ని ఏ పద్దు కింద రాయాలో ఆయనకు తోచలేదు. అయినా స్వెటరు వేసుకుని బయల్దేరారు. అక్టోబరు నెల, నాలుగు రోజులు, ఒకటే రైలు మార్గం.

మొదటి రోజు, శనివారం: సెటిల్

లీడ్స్ నుంచి సెటిల్‌కు సుమారు గంట. స్కిప్టన్ దాటేదాకా పాత మిల్లుల చిమ్నీలు, ఇరుకు ఇళ్లు. తర్వాత ఒక్కసారిగా అన్నీ వెనక్కి తగ్గి కొండలు ముందుకొచ్చాయి. ఇక్కడ పొలాల మధ్య మనకున్నట్టు గట్లు ఉండవు. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు ఎంత నిటారు కొండనైనా అడ్డంగా ఎక్కి అవతలికి దిగిపోతాయి. “ఈ గోడలకు ఎంత కూలి పడి ఉంటుందో” అన్నారు మా ఆయన. ఆయన ప్రయాణం అలా మొదలైంది.

సెటిల్ నుంచి ఉత్తరాన కార్లైల్ దాకా 72 మైళ్ల మార్గం ఇది. 14 సొరంగాలు, ఇరవైకి పైగా పెద్ద వంతెనలు. మిడ్‌లాండ్ రైల్వే అనే కంపెనీ వేసింది. అసలు ఎందుకు వేశారంటే, ఇద్దరు దాయాదుల గొడవ వల్ల. 1860ల్లో మిడ్‌లాండ్ పట్టాలు ఇంగిల్టన్ అనే ఊరిదాకా వచ్చి ఆగిపోయేవి. అక్కడి నుంచి స్కాట్లాండ్ వైపు పట్టాలు లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీవి. ఒకే ఊళ్లో లోయకు ఇటు ఒకరి స్టేషను, అటు ఇంకొకరి స్టేషను, మధ్యన చక్కటి వంతెన. అయినా బండ్లు కలిసేవి కావు. ప్రయాణికులు సామాన్లు మోసుకుంటూ లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి, అవతలి స్టేషనుకు చేరేవారు. అంతలో అవతలి బండి వెళ్లిపోయేది. పడలేక, పడలేక, స్కాట్లాండ్‌కు మాకే సొంత దారి ఉండాలని మిడ్‌లాండ్ పార్లమెంటుకు వెళ్లింది. 1866లో చట్టం చేయించుకుంది.

తమాషా ఆ తర్వాత మొదలైంది. చట్టం వచ్చాక ప్రత్యర్థి కంపెనీ దిగివచ్చి రాజీకి సిద్ధపడింది. ఖర్చు తలచుకుని గుండెలు బాదుకుంటున్న మిడ్‌లాండ్, “మాకా దారి వద్దు, రద్దు చేయండి” అని మళ్లీ పార్లమెంటు తలుపు తట్టింది. 1869లో పార్లమెంటు కుదరదంది. ఆ దారి మీద ఆశలు పెట్టుకున్న వేరే రైల్వే కంపెనీలు అడ్డుపడ్డాయి. అడిగి తెచ్చుకున్న పెళ్లి తప్పించుకునే వీలు లేకపోయింది. చివరికి అనుకున్నదానికంటే చాలా ఎక్కువై, ఖర్చు దాదాపు 36 లక్షల పౌండ్లకు చేరింది. ఈ కథ రైల్లో చెబితే మా ఆయన మొదటిసారి ఉత్సాహంగా విన్నారు. అప్పు మంజూరయ్యాక వద్దనే ఖాతాదారులు ఆయనకు బాగా తెలుసు.

సెటిల్ స్టేషను పక్కన 1891 నాటి కొయ్య సిగ్నల్ కేబిన్ ఉంది. 1984లో దాని పని ఆగిపోయింది. తర్వాత ఈ మార్గాన్ని ప్రేమించే వాళ్లు దాన్ని కాపాడి, జరిపి, పూర్వంలా తీర్చిదిద్దారు. శనివారాల్లో తెరుస్తారు. మేము శనివారం వచ్చింది అందుకే.

మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే నూనె, ఇత్తడి పాలిష్ కలిసిన వాసన తగిలింది. మా నాన్న కేబిన్ వాసన. వరుసగా లీవర్లు: ఎర్రవి సిగ్నళ్లకు, నల్లవి పట్టాలు మార్చే పాయింట్లకు, నీలం తాళాలకు, తెల్లవి ఖాళీవి. ఈ రంగులు నాకు అక్షరాలకంటే ముందు వచ్చాయి. అక్కడున్న పెద్దాయన నా ముఖం చూసి ఏమనుకున్నారో, ఒక గుడ్డ ఇచ్చి లాగమన్నారు. లీవరు చేత్తో నేరుగా పట్టుకోకూడదు, చెమట తగిలితే మెరుగు పెట్టిన ఇనుము తుప్పు పడుతుంది. ఒక కాలు ముందు తన్నిపెట్టి, నడుము వాల్చి, చేతులతో కాకుండా ఒంటి బరువుతో లాగాలి. లాగాను. ధణేల్‌మని దిగింది. “ఇంతకుముందు చేశారా?” అని అడిగారు. తొమ్మిదేళ్ల వయసులో, మా నాన్న చూడనప్పుడు, అని చెప్పాను.

రాత్రి సెటిల్‌లోనే ఉన్నాం. పెరుగన్నం లేని రాత్రి గురించి మా ఆయన అన్నది ఇక్కడ రాయడం లేదు.

రెండవ రోజు, ఆదివారం: రిబుల్‌హెడ్

సెటిల్ దాటగానే చడావు మొదలవుతుంది. పదిహేను మైళ్లపాటు, ప్రతి వంద అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతూనే ఉండాలి. బొగ్గు ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్లు దీనికి లాంగ్ డ్రాగ్ అని పేరు పెట్టారు. ఆ పదిహేను మైళ్లూ వాళ్లకు పార కింద పెట్టే తీరిక ఉండేది కాదు. మేమెక్కిన డీజిల్ బండికి అదేమీ పట్టలేదు, కొంచెం మూలిగిందంతే. ఎడమవైపు ఇంగిల్‌బరో, కుడివైపు పెనిగెంట్. కొండల తలలు మబ్బులోనే ఉన్నాయి.

రిబుల్‌హెడ్‌లో దిగగానే గాలి కొట్టింది. కొట్టింది అంటే నిజంగానే. మా ఆయన టోపీ ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్లి కంచెకు తగులుకుంది. ఈ స్టేషను మాస్టరు ఒకప్పుడు బండ్లతోపాటు వాతావరణం కూడా చూసుకుని రిపోర్టులు పంపేవారు. టికెట్ల హాలులో ఆదివారాలు చర్చి ప్రార్థనలు జరిగేవి, 1956 దాకా. ఊరు లేని చోట స్టేషనే ఊరయ్యింది.

అందరూ వచ్చేది వంతెన కోసం. స్టేషను నుంచి కొంత నడిస్తే ఎదురుగా ఉంటుంది. 24 కమానులు, 440 గజాల పొడవు, 104 అడుగుల ఎత్తు. ఫోటోల్లో ఎన్నోసార్లు చూశాను. ఫోటోల్లో తెలియనిది ఒకటుంది: అది సన్నగా వంపు తిరిగి ఉంటుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ కమానులు ఒకదాని వెనక ఒకటి తొంగిచూస్తున్నట్టు బయటపడతాయి. ప్రతి ఆరో స్తంభం మిగతావాటికంటే లావు. ఎప్పుడైనా ఒక స్తంభం కూలితే, పేకముక్కల్లా మొత్తం పడిపోకుండా అయిదు కమానులతో ఆగిపోవాలని అలా కట్టారు. స్తంభాలు సున్నపురాయి, కమానుల లోపలి వంపు ఇటుక. ఒక స్తంభం మొదట్లో నిలబడి తల ఎత్తి చూశాను. రాళ్ల సందుల్లో పచ్చటి పాచి, అక్కడక్కడా తెల్లగా కారిన సున్నం చారలు. తొంభై అడుగులపైన ఏదో పిట్ట గూడు పెట్టుకుంది.

వంతెన కింద గడ్డిలో గుంటలు, మిట్టలు కనిపిస్తాయి. 1870ల్లో అక్కడ బాటీ గ్రీన్ అనే గుడిసెల ఊరు ఉండేది. రెండు వేలమంది దాకా మనుషులు: కూలీలు, వాళ్ల భార్యలు, పిల్లలు. బడి, పోస్టాఫీసు, కొట్లు, ఆసుపత్రి. చుట్టూ ఇంకొన్ని గుడిసెల వాడలు. వాటి పేర్లు చూడండి: సెబస్టపోల్, అప్పటికి కొద్దికాలం కిందటి క్రిమియా యుద్ధం పేరు. జెరికో, బైబిలు పేరు. బెల్‌గ్రేవియా, లండన్‌లో కోటీశ్వరులు ఉండే పేట పేరు. బురదలో తడిక గుడిసెకు బెల్‌గ్రేవియా అని పేరు పెట్టినవాడెవడో నాకు నచ్చాడు.

ఆ మనుషులు తర్వాత ఏమయ్యారో చూడడానికి రెండున్నర మైళ్లు నడిచి చాపెల్-లె-డేల్ అనే చిన్న పల్లెకు వెళ్లాం. అక్కడి సెయింట్ లెనార్డ్ చర్చి మన గ్రామదేవత గుడికంటే పెద్దదేమీ కాదు. రైలు పని జరిగిన ఆ కొద్ది సంవత్సరాల్లో బాటీ గ్రీన్ నుంచి సుమారు 200 మందిని ఇక్కడ పూడ్చారు. ప్రమాదాల్లో పోయినవాళ్లున్నారు, 1871లో వచ్చిన మశూచిలో పోయినవాళ్లున్నారు, పసిపిల్లలున్నారు. శ్మశానానికి స్థలం చాలక పెంచాల్సి వచ్చింది. వాళ్ల సమాధుల మీద రాళ్లు లేవు. చర్చి లోపల గోడకు ఒక ఫలకం మాత్రం ఉంది: సెటిల్‌కూ డెంట్ హెడ్‌కూ మధ్య పనుల్లో ప్రమాదాల్లో ప్రాణాలు పోయినవాళ్ల స్మారకం, తోటి కూలీలు, మిడ్‌లాండ్ కంపెనీ కలిసి ఖర్చు భరించి పెట్టింది. దాని మీద ఒక్క పేరూ లేదు.

మా ఆయన ఆ ఫలకం ముందు చాలాసేపు నిలబడ్డారు. లెక్కలేమీ వేయలేదు. మా అత్తగారు నాగార్జునసాగర్ డ్యాం కట్టేటప్పుడు తలమీద రాళ్లు మోశారు. ఈయన పుట్టింది అక్కడి కూలీల గుడిసెల్లోనే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పరు, పెళ్లయిన అయిదేళ్లకు గానీ నాకూ చెప్పలేదు. బయటికి వచ్చాక, “కూలీలు కూడా చందా వేసుకున్నారట, చూశావా” అన్నారు. అంతే.

తిరిగి స్టేషనుకు వచ్చేసరికి వాన పట్టుకుంది. వెయిటింగ్ రూములో ఫ్లాస్కు టీ తాగుతూ మిగతా కథ చెప్పాను. 1980ల్లో ఈ వంతెనకు నీళ్లు దిగి దెబ్బతింది. రిపేరుకు 60 లక్షల పౌండ్లు కావాలని ప్రభుత్వ రైల్వే సంస్థ బ్రిటిష్ రైల్ అంచనా వేసి, అంత డబ్బు పెట్టేకంటే మార్గమే మూసేద్దామంది. మూసివేత పని చూడమని ఒక అధికారిని పంపింది. ఆయన పేరు రాన్ కాటన్. (కాటన్ అనే ఇంటిపేరు చూస్తే గోదావరి వాళ్ల చేతులు వాటంతటవే జోడించుకుంటాయి, ఈ కాటన్ వేరే కాటన్.) మూయడానికి వచ్చిన ఆయన టికెట్లు చవక చేసి, బండ్లు పెంచి, 1970 నుంచి మూసి ఉన్న ఎనిమిది పల్లె స్టేషన్లను 1986లో తెరిపించారు. 1983లో ఏడాదికి 93,000గా ఉన్న ప్రయాణాలు 1989 నాటికి నాలుగున్నర లక్షలయ్యాయి. వంతెన రిపేరు కూడా చేసి చూస్తే, అనుకున్నదాంట్లో దాదాపు సగంతో అయ్యేలా తేలింది.

“అంచనా వేసినవాడెవడు?” అన్నారు మా ఆయన, తడిసిన టోపీ పిండుతూ. ఆయన పాత మనిషయ్యారు.

మూడవ రోజు, సోమవారం: డెంట్

రిబుల్‌హెడ్ వంతెన మీదుగా వెళ్లేటప్పుడు బండి మెల్లగా నడుస్తుంది. కిటికీలోంచి చూస్తే వంతెన కనపడదు, కింద గాలి మాత్రమే కనపడుతుంది. తర్వాత బ్లీ మూర్ సొరంగం. 2,629 గజాలు, అంటే రెండు కిలోమీటర్లకు పైన. చీకట్లో మా ఆయన వాచీ చూసుకున్నారు. బయటపడేసరికి లోయ మారిపోయింది. డెంట్ హెడ్ వంతెన, ఆర్టెన్ గిల్ వంతెన, ఒకదాని వెంట ఒకటి. ఇక్కడ పట్టాలు కొండ పక్కకు అతుక్కుని పోతాయి. కింద ఎక్కడో బొమ్మల్లాంటి ఇళ్లు. ఆ బొమ్మల ఇళ్లవాళ్ల కోసమే ఈ స్టేషను.

డెంట్‌లో మేమిద్దరమే దిగాం. బండి వెళ్లిపోయాక వచ్చిన నిశ్శబ్దం నాకు తెలిసిన నిశ్శబ్దమే. ఆఖరి పెట్టె దాటాక కాసేపు పట్టాలు సన్నగా పాడతాయి, తర్వాత అదీ ఆగిపోతుంది. మా చిన్నప్పుడు ఆ తర్వాత కాకి అరుపు వినిపించేది. ఇక్కడ గొర్రె దగ్గింది.

ప్లాట్‌ఫారం మీద బోర్డు గర్వంగా చెబుతోంది: ఇంగ్లండ్‌లో మెయిన్ లైన్ స్టేషన్లన్నింటిలోకీ ఎత్తయినది, సముద్రమట్టానికి 1,150 అడుగులు. మన లెక్కలో 350 మీటర్లు. అరకు దారిలోని శిమిలిగూడ 996 మీటర్ల మీద ఉందని బోర్డుకు వినపడేలా చెప్పాను. కానీ ఎత్తు అంకెల్లోనే ఉండదు. పట్టాలకు పైవైపు కొండవాలులో పాత స్లీపర్లు నిలువునా పాతిన రెండు వరుసల కంచె ఉంది. కొన్ని ఒరిగిపోయాయి, కొన్నింటి తలలు కుళ్లి మెత్తబడ్డాయి. వేలితో నొక్కితే చెక్క స్పాంజిలా నీళ్లు కక్కింది. కొండమీది మంచు పట్టాల మీదికి జారకుండా ఆపడానికి ఆ కంచె. 1947 చలికాలంలో అది చాలలేదు. మంచు పేరుకుని ఈ మార్గం ఎనిమిది వారాలు మూతపడింది. మా నాన్నకు తుఫాను అంటే గండి పడిన పట్టాలు. ఇక్కడి స్టేషను మాస్టరుకు తెల్లారి తలుపు తెరిస్తే ఎదురుగా తెల్లటి గోడ.

ఈ మార్గంలో ప్రయాణికుల బండ్లు 1876 మే 1న మొదలైతే, ఈ స్టేషను తెరిచింది 1877 ఆగస్టు 6న. ఊరివాళ్లు ఏడాదికి పైగా తమ తలలమీదుగా పోయే పొగ చూస్తూ ఉండిపోయారన్నమాట. 1970లో మూసేశారు. స్టేషను భవనం ఇప్పుడు రైల్వేవాళ్లది కాదు, బాగుచేయించి సెలవుల్లో అద్దెకు ఇస్తున్నారు. కిటికీలోంచి తొంగిచూడబోతే మా ఆయన కొంగు పట్టి లాగారు. “ఎవరో కాపురం ఉంటారు, ఆగు.” నాకు మాత్రం అది టికెట్లిచ్చే కిటికీయే.

గేటు దగ్గర కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయనను, ఊరికి ఇంత దూరాన స్టేషను ఎందుకు కట్టారని అడిగాను. “పట్టాల దగ్గర ఉంటే బాగుంటుందని కాబోలు” అన్నారు, ముఖంలో నవ్వు లేకుండా. ఇక్కడ ఈ మాట తరతరాలుగా చెప్పుకుంటారని నాకు ముందే తెలుసు. ఆయనకు కూడా నాకు తెలుసని తెలుసు. అయినా ఇద్దరం నవ్వుకున్నాం.

స్టేషను నుంచి దిగే రోడ్డు రోడ్డు కాదు, జారుడుబల్ల. అర మైలులో నాలుగు వందల అడుగులు దిగిపోతుంది. మా ఆయన మోకాళ్లు ఒక్కో మలుపు దగ్గర ఒక్కో మాట అన్నాయి. దిగువన డీ అనే చిన్న ఏరు, దాని పక్కన కౌగిల్ అనే వాడ, చిన్న చర్చి. అసలు ఈ స్టేషను ఉన్నది కౌగిల్ నెత్తిమీద. న్యాయంగా దానికి కౌగిల్ అని పేరుండాలి. ఈ పేరు గురించి ఒక ముసలాయన పెద్ద పోరాటమే చేశారు.

ఆయన ఆడమ్ సెడ్జ్‌విక్. 1785లో డెంట్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో భూగర్భశాస్త్రం ప్రొఫెసరు. చార్లెస్ డార్విన్ 1831లో ఈయన వెంట వేల్స్ కొండల్లో తిరిగి రాళ్లు చదవడం నేర్చుకున్నారు. (శిష్యుడు తర్వాత రాసిన పరిణామవాదం గురువుకు ఏమాత్రం నచ్చలేదు, అది వేరే సంగతి.) భూమి చరిత్రలో కేంబ్రియన్ యుగానికి ఆ పేరు పెట్టింది ఈయనే. కౌగిల్ చర్చికి 1837లో పునాదిరాయి వేసిందీ ఈయనే. కొన్నేళ్లకు ఎవరి పొరపాటు వల్లనో కాగితాల్లో ఆ చర్చి పేరు కర్క్‌థ్వెయిట్ అని మారిపోయింది. కోట్ల ఏళ్ల యుగాలకు పేర్లు పెట్టిన మనిషికి తన పక్క వాడ పేరు తప్పుగా రాయడం సహించలేదు. 1868లో, ఎనభై మూడేళ్ల వయసులో, దాని మీద ఒక పుస్తకం అచ్చువేశారు. ఈయన ఒకప్పుడు విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్‌కు కేంబ్రిడ్జ్‌లో కార్యదర్శి. అందువల్ల ఆ పుస్తకం విక్టోరియా రాణి దాకా వెళ్లింది. ఆమె కల్పించుకున్నారు. 1869లో పార్లమెంటు చట్టం చేసి కౌగిల్ పేరు కౌగిల్‌కు తిరిగి ఇచ్చింది. మిడ్‌లాండ్‌కు రైలు దారి తప్పదని అదే పార్లమెంటు చెప్పింది కూడా ఆ ఏడాదే.

సెడ్జ్‌విక్ 1873 జనవరిలో పోయారు. నాలుగేళ్లకు రైల్వేవాళ్లు వచ్చి, కౌగిల్ మీద స్టేషను కట్టి, డెంట్ అని బోర్డు తగిలించారు. ఆయన బతికి ఉంటే మిడ్‌లాండ్ కంపెనీకి ఇంకో పుస్తకం తప్పేది కాదు. మా నాన్న బతికి ఉంటే గొడవ లేకుండా తీర్చేవారు: డెంట్ రోడ్.

ఏటి పక్కన కాలిబాట పట్టి డెంట్ చేరేసరికి మూడు దాటింది. గులకరాళ్లు పరిచిన సన్నటి వీధి, తెల్లసున్నం ఇళ్లు, మధ్యలో సెడ్జ్‌విక్ పేరు చెక్కిన పెద్ద గ్రానైట్ బండ, దానిలోంచి సన్నగా నీటిధార. విగ్రహం పెట్టకుండా రాయినే నిలబెట్టారు, రాళ్ల మనిషికి అది సరిపోయింది. మా ఆయన ఆ నీటితో ముఖం కడుక్కుని అరుగుమీద కూలబడ్డారు. “రేపు పైకి టాక్సీలో వెళ్తున్నాం” అన్నారు. ఎంత ఖర్చో అడగలేదు. ఆ రోజుకు అదే చరిత్రాత్మకం.

నాలుగవ రోజు, మంగళవారం: గార్స్‌డేల్

డెంట్ తర్వాతి స్టేషను గార్స్‌డేల్. దీని పాత పేరు హాస్ జంక్షన్. ఇక్కడ కూడా ఊరు లేదు. రైల్వేవాళ్ల కోసం కట్టిన రాతి ఇళ్ల వరుస, ప్లాట్‌ఫారం మీదే కొయ్య కేబిన్. సెటిల్‌లో ఉన్నది చూపించడానికి. ఇక్కడిది పనిచేస్తుంది. అద్దాల వెనక సిగ్నల్‌మన్ కదులుతూ కనిపించాడు. పలకరించాలనిపించింది కానీ డ్యూటీలో ఉన్నవాణ్ణి పలకరించకూడదని మా ఇంట్లో నియమం.

ఆ నియమం ఊరికే రాలేదు. 1910 డిసెంబరు 24 తెల్లవారుజామున ఇక్కడ జరిగింది మా నాన్న నాకు చెప్పారు. రైల్వే శిక్షణలో విన్నారో, ఎక్కడైనా చదివారో తెలియదు. అప్పట్లో బరువైన బండ్లకు చడావు మీద రెండో ఇంజను తగిలించి, చడావు అయ్యాక విప్పేవారు. అలా విప్పిన ఇంజన్లు ఇక్కడికి వచ్చేవి, వాటితో యార్డు ఎప్పుడూ రద్దీగా ఉండేది. రాత్రి ఎనిమిదికి, పది గంటలపాటు చేయాల్సిన డ్యూటీ ఎక్కిన సిగ్నల్‌మన్ ఆల్ఫ్రెడ్ సటన్, కార్లైల్ వెళ్లాల్సిన రెండు లైట్ ఇంజన్లను, అంటే పెట్టెలు లేని ఒట్టి ఇంజన్లను, మెయిన్ లైను మీద ముందు సిగ్నల్ దగ్గర ఆపాడు. వాన, చీకటి, ఒకదాని మీద ఒకటి పనులు. వాటి సంగతి మరిచిపోయాడు. ఐదున్నర దాటాక లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే రాత్రి ఎక్స్‌ప్రెస్‌కు లైన్ క్లియర్ (ముందు దారి ఖాళీ అనే అనుమతి) తీసుకుని సిగ్నళ్లన్నీ ఇచ్చాడు. ముందున్న ఇంజన్ల డ్రైవర్లు ఆ సిగ్నల్ తమకే అనుకుని నెమ్మదిగా కదిలారు. ఎక్స్‌ప్రెస్ పూర్తి వేగంతో వెనక నుంచి వచ్చి గుద్దింది. పెట్టెల్లో దీపాలకు గ్యాసు వాడేవారు. మంటలంటుకున్నాయి. పన్నెండు మంది పోయారు.

ఆపినప్పుడు ఇంజను మీది మనిషి ఒకడు దిగి, కేబిన్‌కు వెళ్లి, “మేమిక్కడ ఉన్నాం” అని గుర్తుచేయాలని నిబంధన ఉంది. ఎవరూ వెళ్లలేదు. పట్టాలమీద బండి ఉంటే కేబిన్‌లో తెలిసే విద్యుత్ ఏర్పాటు అప్పటికే కనిపెట్టి ఉన్నారు, ఇక్కడ పెట్టలేదు. ప్రమాదం తర్వాత మిడ్‌లాండ్ చాలా చోట్ల పెట్టింది.

మా నాన్న నైట్ డ్యూటీ చేసి వచ్చి మధ్యాహ్నం పడుకునేవారు. ఒక్కోసారి ఉన్నట్టుండి లేచి కూర్చుని, “గూడ్స్‌కు లైన్ క్లియర్ ఇచ్చానా?” అని అడిగేవారు. అమ్మ వంటింట్లోంచే “ఇచ్చారు, పడుకోండి” అనేది. ఆమెకేం తెలుసు? అయినా ఆ మాటతో ఆయన పడుకునేవారు. గార్స్‌డేల్ కేబిన్ కింద నిలబడి ఇదంతా చెబితే, మా ఆయన అద్దాలవైపు చూసి రెండడుగులు వెనక్కి వేశారు, అతని పనికి అడ్డం వస్తున్నామేమో అన్నట్టు.

అవతలి ప్లాట్‌ఫారం మీద కంచు కుక్క కూర్చుని ఉంది. పేరు రస్వార్ప్. విట్‌బీ దగ్గర ఆ పేరుతో ఒక చిన్న స్టేషను ఉంది, దాని పేరే పెట్టారు. స్టేషను పేరు పెట్టిన కుక్కకు స్టేషనులోనే విగ్రహం. దాని యజమాని గ్రాహమ్ నటాల్, ఈ మార్గం మూయవద్దని పోరాడిన సంఘానికి మొదటి కార్యదర్శి. మూసివేతకు వ్యతిరేకంగా వచ్చిన సుమారు 32,000 సంతకాల్లో ఒకటి ఈ కుక్క కాలి ముద్ర. అది కూడా టికెట్టు కొన్న ప్రయాణికుడే కనుక అభ్యంతరం చెప్పే హక్కు ఉందన్నారు. మా ఆయన వివరం అడిగారు. అవును, అప్పట్లో కుక్కలకూ టికెట్టు ఉండేది. “అయితే చెల్లుతుంది” అని తీర్పిచ్చారు.

1989 ఏప్రిల్ 11న ప్రభుత్వం మూసివేతను తిరస్కరించింది. కంపెనీ వద్దంటే వేయించింది పార్లమెంటు, ప్రభుత్వ రైల్వే వద్దంటే నిలబెట్టింది జనం. ఆ మరుసటి ఏడాది జనవరిలో గ్రాహమ్, కుక్కతో కలిసి వేల్స్ కొండలకు నడకకు వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ 7న ఒక ఏటి పక్కన ఆయన శవం దొరికింది. పక్కనే రస్వార్ప్ కాపలా ఉంది. పదకొండు వారాలు, చలికాలమంతా. పద్నాలుగేళ్ల ముసలి కుక్క, కొండ దిగే శక్తి లేక ఎత్తుకుని తెచ్చారు. యజమాని అంత్యక్రియల దాకా ఉండి, కొద్దికాలానికే పోయింది. మార్గం నిలిచిన రోజుకు సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2009 ఏప్రిల్ 11న, ఈ విగ్రహం ఆవిష్కరించారు. గ్రాహమ్‌కు బాగా ఇష్టమైన స్టేషను ఇదేనట.

తల నిమిరాను. కంచు చల్లగా, వాన చుక్కలతో తడిగా ఉంది. చెవుల మధ్య మాత్రం నున్నగా అరిగి మెరుస్తోంది, నాలాంటివాళ్ల చేతులు తగిలి.

లీడ్స్ బండికి ఇంకా పావుగంట ఉంది. గాలి మళ్లీ మొదలైంది. ఇక్కడ ఇంజన్లను తిప్పే టర్న్‌టేబుల్ ఉండేది. 1900లో ఒక ఇంజను దాని మీద ఉండగా గాలి పట్టుకుని తిరగలిలా తిప్పేసిందనీ, గుంటలో మట్టి పోస్తే గానీ ఆగలేదనీ చెబుతారు. తర్వాత దాని చుట్టూ స్లీపర్లతో కోట కట్టారు. ఈ కథ చెబుదామని చూస్తే మా ఆయన బల్లమీద చిన్న డైరీ తెరిచి నాలుగు రోజుల ఖర్చు రాసుకుంటున్నారు. టికెట్లు, గదులు, టీ, టాక్సీ. కింద ఇంకో పద్దు ఉంది: చాపెల్-లె-డేల్ చర్చి హుండీ, ఇరవై పౌండ్లు. ఎప్పుడు వేశారో నేను చూడలేదు.

కేబిన్‌లో గంట మోగింది. ఒకటి, కాస్త ఆగి మళ్లీ. లోపల మనిషి లేచి లీవరు వైపు నడిచాడు, చేతిలో గుడ్డతో.